తాతగారు కోసిన పంటి తీగ

నేను ఉద్యోగ విరమణ చేసేనాటికి నాకింకా ముప్ఫై నిండలేదు. అభినందనలు అక్కర్లేదు. నేను పనిచేసే పళ్ళ ఆసుపత్రి మేడం గారు భర్తకు బదిలీ అయి విశాఖపట్నం వెళ్ళిపోయారు. పళ్ళ కుర్చీతో సహా అన్నీ లారీ ఎక్కాయి, నాకు మాత్రం చోటు చాల్లేదు. ఇప్పుడు రాజోలులోనే ఫోన్ల అద్దాల మీద పల్చటి గాజు పొరలు అతికించే దుకాణం పెట్టుకున్నాను. బుడగ రాకుండా అతికించడం పళ్ళ పని కంటే కష్టమే గానీ, ఒక సుఖం ఉంది. ఫోను మర్యాద కోసం నొప్పి దాచుకోదు.

ఈమధ్య మన వైపు పిల్లలు చాలామంది పళ్ళ ఆసుపత్రుల్లో సహాయకులుగా చేరుతున్నారు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు చెప్పదగ్గ పాఠం నా దగ్గర ఒక్కటే ఉంది. అది నేర్చుకున్న రోజు నాకు పట్టినంత చెమట ఇంకెప్పుడూ పట్టలేదు. పైగా అది వేసవి కూడా కాదు.

మా ఆసుపత్రి మెయిన్ రోడ్డులో ఎరువుల కొట్టు మీద మేడ. మెట్లెక్కేసరికి సగం మందికి యూరియా వాసనకే నోరు మూతపడేది. దాన్ని మళ్ళీ తెరిపించడం నా పని. మామూలు రోజుల్లో మేడం గారు పళ్ళు పీకడం, పుచ్చులు పూడ్చడం చూసుకునేవారు. వంకర పళ్ళకు క్లిప్పులు వేసే డాక్టరు గారు మాత్రం కాకినాడ నుంచి రెండు వారాలకోసారి, ఆదివారం వచ్చేవారు. వచ్చి అందరి తీగలూ బిగించి, సాయంత్రం రొయ్యల వేపుడు తిని వెళ్ళిపోయేవారు. బిగింపు ఆయనది, ఆ తరవాత మూలుగు మాది.

ఆ మూలుగుల శాఖకు అధిపతిని నేను. బిగించిన మర్నాటి నుంచి ఫోన్లు వచ్చేవి. నాకు పాఠం నోటికి వచ్చేసింది: నాలుగు రోజులు మెత్తగా పెరుగన్నం తినండి. జంతికలు, చెగోడీలు, చెరుకు ముక్కలు మీ పక్కింటివాళ్ళకి ఇచ్చెయ్యండి. గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించండి. చల్లటివి చప్పరిస్తే నొప్పి కాస్త తిమ్మిరెక్కుతుంది. క్లిప్పు పెదవికి ఒరుసుకుంటుంటే మేమిచ్చిన మైనాన్ని బఠాణీ గింజంత ఉండ చేసి, క్లిప్పు తడి తుడిచి దాని మీద అద్దండి. తీగ చివర బుగ్గలో గుచ్చుకుంటే మాత్రం ఇంట్లో ఏ పనులూ చెయ్యకుండా వచ్చెయ్యండి, కోసేస్తాం, నిమిషం పని.

ఆ చివరి మాట ఎవరూ వినేవారు కాదు. ఎందుకంటే మన గోదావరి మనుషులకు ఒక జబ్బుంది. మర్యాద. దానికి మందు లేదు, కాకినాడలో కూడా లేదు. ఒకసారి ఒక పెద్దాయనకు పన్ను పీకుతుంటే మత్తు సరిగ్గా ఎక్కలేదు. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. మేడం గారు "నొప్పిగా ఉందా అండీ?" అంటే, "అబ్బే, నాకేం పర్లేదండీ. మీ చెయ్యి లాగేత్తుందేమో, కాసేపాగుదావా?" అన్నాడు.

నాతో పాటు ఒక సిస్టరు గారు ఉండేవారు. యాభై దాటిన మనిషి, మలికిపురం అవతలి పల్లె నుంచి రోజూ ఆటోలో వచ్చేవారు. పని బంగారం. కానీ ఆవిడకు భయపడటం కూడా జీతంలో భాగమే అనిపించేది. ఎవరైనా గట్టిగా తుమ్మితే ముందు నా మొహం చూసి, "ఏమయ్యా, ఇది మామూలు తుమ్మేనంటావా?" అని అడిగేవారు.

ఆవిడ ఊరి నుంచే, ఆవిడ సిఫారసు మీదే, పదో తరగతి చదివే ఒక అమ్మాయి క్లిప్పులు వేయించుకుంది. తండ్రి కువైట్లో డ్రైవరు. తల్లి ఇక్కడ ఇల్లూ, పిల్లా, పది కొబ్బరి చెట్లూ చూసుకునేది. పిల్ల గట్టిది. నోట్లో అంత ఇనుము పెట్టుకుని కూడా ఒక్కసారీ ఏడవలేదు. మేమిచ్చిన మైనం డబ్బా ఏం చేశావంటే, క్లాసులో కూర్చుని దానితో పావురం బొమ్మ చేశానని ఫోనులో ఫోటో చూపించింది. పావురం చాలా బాగుంది. బుగ్గకు పెట్టుకోవడానికే ఏమీ మిగల్లేదు.

ఒక బుధవారం ఆ తల్లి ఫోను చేసింది.

"బాబూ, పాపకి తీగ బుగ్గలో గుచ్చుకుంటుందండి. అన్నం తినట్లేదు."

"ఇప్పుడే తీసుకొచ్చెయ్యండి అమ్మా. మేడం గారు ఉన్నారు, చివర కోసేస్తారు."

"అయ్యో, అది కాకినాడ డాక్టరు గారు పెట్టిన తీగ కదండీ. మేడం గారి చేత కోయిత్తే ఆయనేవనుకుంటారు? ఆదివారం దాకా ఓర్చుకుంటుంది లెండి. పర్లేదండీ."

"పర్లేదంటే ఎంత పర్లేదండీ?"

"నెత్తుర్రావట్లేదండీ," అంది ఆవిడ, అదేదో పెద్ద ఊరటలాగా.

నేను ఉప్పునీళ్ళు, చల్లటివి, మైనానికి బదులు తీగ మీద దూది అన్నీ చెప్పి, రమ్మని మళ్ళీ చెప్పి పెట్టేశాను. సిస్టరు గారు పక్కనుంచి "తీగ చెంపలోంచి బయటికి వచ్చేత్తుందా ఏంటయ్యా?" అన్నారు. "వస్తే కమ్మలు పెట్టుకోవచ్చులెండి," అన్నాను. ఆ మాట అన్నందుకు ఆ తరవాత చాలాసార్లు నాలుక కరుచుకున్నాను.

శుక్రవారం ఉదయం తల్లీ కూతుళ్ళిద్దరూ మెట్లెక్కి వచ్చారు. పిల్ల దగ్గుతోంది. తల్లి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఆదివారానికి ముందే వచ్చారంటేనే నాకు గుండెలో రాయి పడింది. మనవాళ్ళు చెప్పిన రోజుకు ముందు వచ్చారంటే, కొంపకు ఒక పక్క అంటుకున్నట్టు.

మేడం గారు పిల్ల నోట్లో అద్దం పెట్టి చూశారు. కుడి వైపు అంతా బాగానే ఉంది. ఎడమ వైపు, చివరి పన్ను వెనక, గుచ్చుకుంటున్న తీగ చివర లేదు.

"ఈ ముక్క ఏదీ?"

"ఊడిపోయిందండీ," అంది తల్లి.

"ఎప్పుడు?"

"నిన్న పొద్దున్నండీ. రాత్రి నుంచీ ఒకటే దగ్గండి. ఆ ముక్క గానీ లోపలికి..."

మేడం గారు మళ్ళీ చూశారు. "అమ్మా, ఇది ఊడింది కాదు. కోసింది. చివర చదునుగా ఉంది. ఎవరు కోశారు?"

ఇద్దరూ నేల చూశారు. పళ్ళ ఆసుపత్రిలో నోరు మూసుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసు. వాళ్ళు మాత్రం సాధించారు.

ఇక్కడ ఒక్క ముక్క పనిముట్ల సంగతి చెప్పాలి. పళ్ళు సర్దుకునే కొద్దీ తీగ చివర వెనక నుంచి బయటికి వస్తుంది, గుచ్చుకుంటుంది. దాన్ని కోయడానికి మా దగ్గర ఉండే కత్తెర, కోసిన ముక్కను తనే పట్టుకుంటుంది, వదలదు. మామూలు కత్తెరతో కోస్తే ముక్క ఎగురుతుంది. అది బయటికి ఎగరొచ్చు, గొంతులోకీ ఎగరొచ్చు. కడుపులోకి పోతే చాలాసార్లు దాని దారిన అదే పోతుంది. ఊపిరితిత్తుల్లోకి పోతే మాత్రం పెద్దాసుపత్రిలో మత్తిచ్చి, గొట్టం వేసి తియ్యాలి. ఆ పిల్ల దగ్గుతోంది.

మా వీధిలోనే ఎక్స్‌రే తీసే చోటుంది. తీయించాం. ఆ కుర్రాడు కంప్యూటరు తెర మీద ఛాతీ బొమ్మ పెట్టి, కుడి వైపు కింద ఒక సన్నటి తెల్ల గీత చూపించాడు.

"ఇదేంటో మరి," అన్నాడు.

తల్లి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. సిస్టరు గారు ఆవిడను లేపబోయి, తనూ కూర్చుండిపోయారు. నాకు నవ్వు రావలసిన దృశ్యం. రాలేదు.

మేడం గారు అమలాపురంలో తెలిసిన ఛాతీ డాక్టరుకు ఫోను చేశారు. వెంటనే తీసుకురమ్మన్నారు. అక్కడ మళ్ళీ చూసి, అవసరమైతే అటునుంచి అటే కాకినాడ. మేడం గారు కారు తాళాలు తీస్తూ, "ఆ ముక్క ఎంత ఉంటుందో, ఎలా కోశారో తెలిస్తే బాగుండును," అని తనలో తను అనుకుంటున్నట్టుగా అన్నారు.

నేను పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. "చెల్లెమ్మా, ఆ తీగ తనే బజారుకెళ్ళి కత్తెర కొనుక్కుని, తనే కోసుకుని, ఆటోలో వెళ్ళిపోయిందంటావ్. అంతేనా?"

పిల్లకు నవ్వొచ్చింది. నవ్వు వెనకే దగ్గొచ్చింది. దగ్గు వెనక నిజం వచ్చింది.

"బంగారం పని చేసే తాతగారండీ. మా ఎదురిల్లు. ఎవరికీ చెప్పనని మాటిచ్చేనండి."

"ఎందుకూ?"

"తాతగారికి కళ్ళు సరిగ్గా ఆనట్లేదని ఊళ్ళో అనుకుంటున్నారండి. ఇది కూడా తెలిత్తే ఇంకెవరూ చెవులు కుట్టించుకోడానికి రారు కదండీ."

అప్పుడు తల్లి అందుకుంది. "ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి చెవీ ఆయన కుట్టిందేనండి. నావీ, దీనివీ ఆయనే కుట్టేరు. ఒక్క చెవీ చీము పట్టలేదు. సన్నటి తీగ, ఆయన చెయ్యి తేలిక, నొప్పి తెలీకుండా కోసేత్తారు కదా అనుకున్నానండి. నేనే ఫోను లైటు పట్టుకున్నాను. టిక్కుమంది. పాప హమ్మయ్య అంది. అంతేనండి. ముక్క సంగతి ఎవరికీ తట్టలేదు."

ఆలోచించి చూస్తే ఆవిడ లెక్కలో తప్పు పట్టడం కష్టం. పుట్టిన పిల్ల లేత చెవిని సూదితో పొడవమని చేతికిచ్చిన మనిషికి, పంటి తీగ ఒక లెక్కా? ఇంకే ఊళ్ళోనైనా ఇలాంటి పనికి సైకిలు షాపుకు వెళ్తారేమో. మనవాళ్ళు బంగారం పనివారి దగ్గరికి వెళ్ళారు. అక్కడ కూడా నాణ్యత చూశారు.

"దగ్గు మొదలయ్యాక ఆయన్ని అడిగారా, ముక్క కనిపించిందా అని?" అన్నారు మేడం గారు.

"లేదండీ. అడిగితే ఆయన బాధపడతారు కదండీ."

మేడం గారు కళ్ళు మూసుకుని తెరిచారు. నన్ను చూసి, "నువ్వెళ్ళు. ముక్క దొరికితే చాలు, ఈ పిల్లను కాకినాడ తీసుకెళ్ళక్కర్లేదు," అన్నారు. కారు అమలాపురం వైపు, నా బండి మలికిపురం వైపు బయల్దేరాయి. దారి చూపిస్తానని సిస్టరు గారు వెనక ఎక్కారు.

ఆ ప్రయాణం గురించి తక్కువ చెప్పడమే మంచిది. సిస్టరు గారు దారి చూపించలేదు. దారి పొడుగునా చెవి పట్టుకుని కూర్చున్నారు.

"నా చెవులూ ఆయన కుట్టినవేనయ్యా."

"ఇప్పుడు వాటికేం కాలేదు కదండీ."

"పిల్లకేవన్నా అయితే? నేనే కదా మీ దగ్గరికి తీసుకొచ్చేను. వాళ్ళ నాన్న కువైట్ నుంచి ఫోను చేత్తే నేనేం చెప్పాలి?"

"మా ఆసుపత్రి మీద నుంచి పడిపోయానని చెప్పండి, నమ్ముతారు."

"ఏమయ్యా, నీకు భయం వెయ్యదా?"

వేసింది. కాలవ గట్టు మీద గేదె అడ్డం వస్తే బ్రేకు బదులు హారను నొక్కి, హారను బదులు బ్రేకు నొక్కి, రెండూ పని చెయ్యకపోతే నోటితో "హేయ్" అని అరిచాను. గేదె మర్యాదస్తురాలు, తప్పుకుంది.

తాతగారి ఇల్లు పెంకుటిల్లు, వీధి వైపు వసారా. అక్కడే ఆయన పనిపీట, బొగ్గుల కుంపటి, బుజ్జి తక్కెడ. కుంపటి చల్లారి ఉంది. ఆయన పీట ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. సిస్టరు గారిని చూడగానే లేచి నిలబడ్డారు.

"రా అమ్మాయ్. పాపకి ఎలా ఉందే?"

మేము ఏమీ చెప్పకముందే ఆయన అడిగారు. దాంతో నాకు అర్థమైంది, ఆయనకు కూడా అదే భయం అని.

"బాబాయి గారూ, మీరు కోసిన తీగ ముక్క..."

"ముందు కూర్చోండి. ఎండన పడి వచ్చేరు." ఇంట్లోకి కేకేశారు. "ఏమే, మజ్జిగ పట్టుకురా!"

"తాతగారూ, మజ్జిగ తరవాత తాగుతామండి. పాపను ఎక్స్‌రే తీసి..."

"తాగండి బాబూ. తాగకపోతే మా ఇంటావిడ నొచ్చుకుంటుంది."

అక్కడ అమలాపురంలో ఒక పిల్ల ఊపిరితిత్తి సంగతి తేలాలి. ఇక్కడ నేను అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ తాగుతున్నాను. నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది. గ్లాసు కింద పెట్టీ పెట్టకముందే ఎక్స్‌రేలో గీత సంగతి చెప్పాను. ఆయన పీట పట్టుకుని మెల్లగా కూర్చున్నారు.

"ముక్క ఎగిరిందండి. చేతికి తెలిసింది. కళ్ళకి తెలీలేదు. పాప వెళ్ళేక ఇదంతా వెతికేనండి. కనపళ్ళేదు."

"మరి వాళ్ళింటికెళ్ళి చెప్పలేదా బాబాయి గారూ?"

"చెప్తే కంగారుపడతారు కదమ్మా."

వాళ్ళ గుమ్మానికీ ఈ గుమ్మానికీ మధ్య ఒక ఆటో పట్టేంత వీధి. అటు ఆవిడ ఈయన బాధపడతారని అడగలేదు. ఇటు ఈయన ఆవిడ కంగారుపడుతుందని చెప్పలేదు. ఆ రాత్రంతా వీధికి రెండు వైపులా ఇద్దరు పెద్దమనుషులు, ఒకరి కిటికీ ఒకరు చూస్తూ నిద్ర లేకుండా మర్యాద పాటించారు.

"ఊడ్చిన చెత్తలో చూశారా?" అన్నాను.

ఆయన నన్ను ఏదో అనకూడని మాట అన్నట్టు చూశారు. "మా ఇంట్లో చెత్త ఉండదు బాబూ."

అప్పుడు మజ్జిగ గ్లాసులు తీసుకెళ్ళడానికి వచ్చిన వాళ్ళావిడ ఆగి, "నిన్న పొద్దున్న నేను ఊడ్చేను కదండీ," అన్నారు.

"ఎప్పుడూ?"

"పాప ఇటు లేచి వెళ్ళింది, మీరు లోపలికి మంచినీళ్ళకి వచ్చేరు. పని ఆపి లేచేరు కదాని ఎప్పట్లాగే ఊడ్చి డబ్బాలో పోసేను."

బంగారం పని చేసేవారి ఇంట్లో నేల ఊడ్చిన దుమ్ము పారెయ్యరు. ఆకురాయితో రాసినప్పుడు రాలిన పొడి, కోసినప్పుడు ఎగిరిన తునకలు అన్నీ అందులోనే ఉంటాయి. డబ్బాలో దాచి, నిండాక కడిగి, కాల్చి, అందులోంచి బంగారం తీస్తారు. తాతగారు వెతికింది ఊడ్చేసిన నేల మీద.

ఆయన లేచిన తీరు చూస్తే ఆ వయసు మనిషి అని ఎవరూ అనుకోరు. మూత ఉన్న ఒక పెద్ద పాలడబ్బా తెచ్చారు. వసారాలో తెల్లటి పంచె పరిచి, దాని మీద మెల్లగా కుమ్మరించారు. మసి, బొగ్గు నుసి, దుమ్ము, వెంట్రుకలు, ఒక చొక్కా గుండీ. మేము నలుగురం చుట్టూ కూర్చున్నాం, పురోహితుడు ఒక్కడే తక్కువ.

తాతగారు అయస్కాంతం తెచ్చి దుమ్ము మీద తిప్పారు. సూది మొన, చిన్న మేకు, ఆకురాయి పొడి అంటుకున్నాయి. తీగ లేదు. మళ్ళీ తిప్పారు. లేదు. అయస్కాంతం పక్కన పెట్టేశారు.

"లేదండీ. లోపలికే పోయిందండి," అన్నారు. సిస్టరు గారు ఏడుపు అందుకున్నారు.

నాకప్పుడు గుర్తొచ్చింది. ఆసుపత్రిలో కింద పడిన తీగ ముక్కలు ఏరడానికి నేనూ ఒకసారి అయస్కాంతం కొని తెచ్చాను. మొదట్లో వేసే మెత్తటి తీగలు దానికి అంటుకోలేదు. డాక్టరు గారు నవ్వి, "అది ఇనుము కాదోయ్, వేరే లోహం," అన్నారు. అప్పుడు నామోషీ వేసింది. ఇప్పుడు ఆ నామోషీకి దండం పెట్టుకున్నాను.

"దానికి అయస్కాంతం పట్టదండీ. చేత్తోనే వెతకాలి."

దుమ్మును చిటికెడు చిటికెడు కాగితం మీద పల్చగా పరిచి చూస్తున్నాం. ఫ్యాను ఆపేశాం. ఊపిరి కూడా పక్కకు తిరిగి వదులుతున్నాం. సిస్టరు గారు తుమ్మొచ్చి వీధిలోకి పరుగెత్తారు. కాసేపటికి నాకు ఒక తెల్లటి సన్నటి ముక్క దొరికింది. గోళ్ళతో పట్టి వంచాను. వంగింది, అలాగే ఉండిపోయింది. వెండి తీగ. పక్కన పెట్టాను. ఇంకొకటి, అదీ అంతే. నా వీపు మీద చొక్కా అతుక్కుపోయింది. డబ్బాలోది దాదాపు అయిపోవచ్చింది.

మూడోది బియ్యపు గింజంత ఉంది, మసి పట్టి నల్లగా. వంచాను. వదిలాను. ఏమీ ఎరగనట్టు తిన్నగా అయిపోయింది.

మళ్ళీ వంచాను. మళ్ళీ తిన్నగా అయింది. ప్రపంచంలో ఎంత వంచినా పాత బుద్ధి మానని తీగ ఒక్కటే, మా పళ్ళ తీగ.

"ఇదేనండీ," అన్నాను. "తాతగారూ, ఎన్నిసార్లు కోశారు? ఒక్కసారేనా?"

"ఒక్కసారే బాబూ. ఒకటే టిక్కు."

మేడం గారికి ఫోను చేశాను. ఎత్తలేదు. తల్లికి చేశాను, వేరే ఫోనులో ఉన్నారని రికార్డు గొంతు చెప్పింది. కువైట్ నుంచి తండ్రి అయి ఉంటాడు. మళ్ళీ మేడం గారికి. ఎత్తలేదు. అప్పటికే పిల్లను కాకినాడ బండి ఎక్కించేశారేమో. సిస్టరు గారు "ఎత్తట్లేదా? ఎందుకెత్తట్లేదు? లోపలికి తీసుకెళ్ళిపోయేరా?" అంటున్నారు. తాతగారు ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని, అది మళ్ళీ ఎగిరిపోతుందేమో అన్నట్టు పిడికిలి బిగించి నిలబడ్డారు.

నాలుగో ఫోనుకు మేడం గారు ఎత్తారు. "దొరికిందండీ," అన్నాను.

ఆవిడ "పొడవెంత? ఒక చివర చదునుగా ఉందా? ఒకే ముక్కా?" అని వరసగా అడిగారు. బియ్యపు గింజంత, అవును, అవును అన్నాను. "సరే," అన్నారు ఆవిడ. ఆ "సరే" వెనకాల ఒక తల్లి బావురుమనడం వినిపించింది. అంతవరకూ ఆవిడ మర్యాదగా ఏడ్చినట్టుంది.

అమలాపురంలో తీసిన రెండో ఎక్స్‌రేలో ఏ గీతా లేదు. మరి మా వీధిలో కనిపించిన గీత ఏమిటంటే, మర్నాడు ఆయాసంతో వచ్చిన ఒక ముసలాయన ఛాతీలోనూ, ఆ వెంటనే వచ్చిన ఒక బాలింత ఛాతీలోనూ అదే చోట అదే గీత కనిపించిందట. ఎక్స్‌రే తీసే పలక మీదే గీటు పడింది. రాజోలు మొత్తం తీగ మింగే ప్రమాదం ఉందని తేలాక పలక మార్చారు.

దగ్గు సంగతి మిగిలింది. నొప్పికి చల్లటివి చప్పరించమన్నాం కదా అని, పిల్ల మూడు పూటలా పుల్ల ఐసు తిందట. "డాక్టరు గారే చెప్పేరు" అంటే తల్లి ఏమనలేకపోయింది. ఐసు వల్ల దగ్గు రాదు, అది వైరస్ అని మేడం గారు వివరంగా చెప్పారు. తల్లి ఓపిగ్గా విని, "ఆయ్, మీరు చెప్పేరంటే అంతేనండీ," అని, ఇంటికెళ్ళి మిరియాల పాలు పట్టింది.

అప్పటి నుంచి మా ఆసుపత్రిలో పద్ధతి మారింది. పాఠం అదే, తమ్ముళ్ళూ. నొప్పి ఉందా అని మనవాళ్ళను మూడుసార్లు అడగాలి. మొదటిసారి వచ్చే జవాబు మర్యాద. రెండోసారి వచ్చేది మొహమాటం. మూడోసారి, మీరింక వెళ్ళేలా లేరని తెలిశాక, నొప్పి బయటికొస్తుంది. క్లిప్పులు వేసిన ప్రతి పిల్లకూ, పిల్లాడికీ నేను మొహం మీదే చెప్పేవాణ్ణి: తీగ గుచ్చుకుంటే రండి, మేము నొచ్చుకోం, రాకపోతేనే నొచ్చుకుంటాం. ఆ రెండో ముక్కకు వచ్చేవారు. మన జబ్బుకు మన జబ్బే మందు.

తాతగారి సంగతి బయటికి రాలేదు. మేడం గారు ఎవరితోనూ అనలేదు. కాకినాడ డాక్టరు గారు ఆ ఆదివారం చూసి, "ఇక్కడ ఎవరో కోసినట్టుందే?" అంటే, "మేమే," అన్నారావిడ. సిస్టరు గారు కూడా నోరు విప్పలేదు, ఆవిడకు అది చాలా పెద్ద త్యాగం. కానీ తాతగారే కుంపటి రాజెయ్యడం తగ్గించేశారని, చెవులు కుట్టమని ఎవరైనా పిల్లను తెస్తే ఈసారికి ఇంకెవరి దగ్గరికైనా వెళ్ళమంటున్నారని ఆవిడ చెప్పేవారు. పదో తరగతి పిల్ల భయపడింది ఊరి గురించి. ఊరు ఆయన్ని మానలేదు, ఆయనే ఊరిని మానేశారు.

కొన్ని నెలలకు మేడం గారి చంటిపాపకు చెవులు కుట్టించే వేళ వచ్చింది. రాజోలులో యంత్రంతో టక్కున కుట్టే దుకాణాలు మూడున్నాయి. మేడం గారు ఆ పిల్లనెత్తుకుని, మా ఇద్దర్నీ కారెక్కించి, తిన్నగా తాతగారి వసారాలో దిగారు. ఎదురింటి తల్లీ కూతుళ్ళు కూడా వచ్చారు.

తాతగారు చేతులు జోడించారు. "వద్దమ్మా. నా చేత్తో వద్దు."

"చెయ్యి బాగానే ఉంది కదండీ. కళ్ళు ఎలా ఉన్నాయి? పాప చెవి కనపడుతోందా?"

"ఆయ్, కనపడుతుందండీ."

"బాగా కనపడుతోందా?"

"పర్లేదండీ."

మేడం గారు నన్ను చూసి, ఆయన్ని మూడోసారి అడిగారు. "తాతగారూ, కనపడుతోందా?"

ఆయన తల దించుకున్నారు. "లేదమ్మా. మసకేనండి."

మేడం గారు సంచిలోంచి ఒక కళ్ళజోడు తీశారు. పళ్ళ మధ్య సన్న పని చేసేటప్పుడు పెట్టుకునేది, ముందు రెండు చిన్న గొట్టాల్లాంటి అద్దాలుంటాయి, చూసేదాన్ని పెద్దది చేసి చూపిస్తాయి. కొత్తది కొన్నాక పాతది నా బీరువాలోనే మూలుగుతూ ఉండేది. దాన్ని ఆవిడే ఆయన ముక్కు మీద పెట్టి, తాడు బిగించారు. నేను లైటు పట్టుకున్నాను.

తాతగారు వంగి పాప చెవి తమ్మెను చూశారు. చాలాసేపు చూశారు. దాన్ని వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పి చూశారు. తరవాత ఆ గొట్టాల కళ్ళతోనే తలెత్తి మా అందరి వైపూ చూశారు.

"ఓరి నాయనోయ్," అన్నారు మెల్లగా. "అయితే ఇన్నాళ్ళూ నేను కనపడకుండానే కుట్టేసేనాండీ?"

సిస్టరు గారి చెయ్యి చెవి మీదికి వెళ్ళింది. తల్లిదీ, కూతురిదీ వెళ్ళాయి. ఆయన చేత ఎన్నడూ కుట్టించుకోని నేను కూడా, ఎందుకైనా మంచిదని, ఒకసారి తడుముకుని చూసుకున్నాను.